హెచ్చు, తగ్గు

లోపలిది ఆర్నెల్ల కిందే పాడటం మొదలెట్టింది.
విరిగిన క్యారమ్ బోర్డు మీద ట్రాన్స్‌ఫార్మరు,
రిచీ స్ట్రీట్‌లో బేరమాడి తెచ్చిన కెపాసిటర్లు,
తీగలు పేగుల్లా బయటికి వేలాడుతుంటే
వేలచ్చేరి మూడో అంతస్తు గదిలో
నాదస్వరం వినిపించిందది, ఎక్కడా బుర్రుమనకుండా.
ముఖం ఒక్కటే లేదు.

ముఖమంటే నాలుగువందల ముప్ఫై మిల్లీమీటర్ల అల్యూమినియం పలక,
ఐదు రంధ్రాలు.
అంతే.
తరమణి పాలిటెక్నిక్‌లో ఇరవయ్యేళ్ళుగా పిల్లలచేత
ఇంతకంటే కష్టమైనవి గీయించాను.

మొదటి సాఫ్ట్‌వేరు ఉచితం, పలకలు కోసే కంపెనీ వాళ్ళదే.
రంధ్రం పెట్టినప్పుడల్లా కింద మూలన ధర ఎగబాకుతుంది,
మా ఊరి ఆటోల్లో నేనెన్నడూ తిరగ్గా చూడని మీటరులా.
హెడ్‌ఫోన్ లేకుండా బతకగలనా అని
రాత్రి పదకొండింటికి నన్ను నేనే అడుక్కుని
ఒక రంధ్రం తీసేసి, మళ్ళీ పెట్టాను.
తీరా దాచుకుందామంటే
వాళ్ళ ఫ్యాక్టరీ తప్ప ఇంకెవరూ చదవలేని లిపిలో దాస్తుంది.

రెండోది కార్లూ వంతెనలూ గీసేది.
నా పలకని చూసి చిన్నబుచ్చుకుంది.
ఏ లోహం, ఎంత బరువు, దేన్ని ఆనుకుని నిలబడుతుంది?
గీసిన వృత్తం నీలంగానే ఉండిపోయింది.
నల్లబడాలంటే అంచుకి ఎంత దూరమో కచ్చితంగా చెప్పాలట.
నలభై ఏడేళ్ళొచ్చాయి,
నువ్వింకా తేల్చుకోలేదని
ఇంత మర్యాదగా నాతో ఎవరూ అనలేదు.

మూడోది బొమ్మలు వేసేవాళ్ళది. ల్యాబ్‌లో మేఖల ఇచ్చింది.
ఒంపులు వెన్నలా వస్తాయి.
అచ్చుతీసి, అతికించి, పంచ్ కొట్టాక తెలిసింది,
కాగితం నూటికి తొంభై ఏడుగానే వచ్చిందని.
చివరి రంధ్రం వేలి మందం తప్పింది.
ఆ పలక ఇప్పుడు కుక్కరు కింద ఉంది.

అక్షరాల దగ్గర మాత్రం మూడూ ఒక్కటే.
కుడివైపు హెచ్చు, ఎడమవైపు తగ్గు. నాక్కావలసింది అదీ.
వాల్యూమ్ అనొచ్చుగా, అంది మేఖల.
అనొచ్చు.
ఈ ఊళ్ళో నా తెలుగు పాల పద్దుకీ
పళ్ళ బిగువున తిట్టుకోడానికీ మిగిలింది.
ఒక్కసారి లోహం మీద చూడాలనిపించింది.

చ కింద చేరాల్సిన చ
పక్కకొచ్చి నిలబడింది,
బస్సులో సీటు దొరకనివాడిలా.
గ నెత్తిన పొల్లు ఎక్కింది, కింద ఖాళీ.
ఫాంటు మారిస్తే
వరసగా ఖాళీ డబ్బాలు.

చివరికి రెండోదాన్నే ఎంచుకున్నాను, ఇష్టపడి కాదు.
వృత్తాలన్నీ నల్లబడటానికి రెండు ఆదివారాలు పట్టింది.
గిండీలో లేజరు కోతవాడు గంటలో చేతికిచ్చాడు.
ఐదు కళ్ళు, ఒక్క మాటా లేదు.

పాత చీరముక్కలో చుట్టి మింట్ స్ట్రీట్‌కి పట్టుకెళ్ళాను,
స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే ఏళుమలై దగ్గరికి.
కాగితం మీద రాసిచ్చిన రెండు మాటల్నీ చూసి
"పెళ్ళికా? ఇందులో పెళ్ళికూతురెవరమ్మా?" అన్నాడు.
నా వేలు తగ్గు వైపు పోయింది.
పోయాక నాలుక కరుచుకున్నాను.

అతనికి తెలుగు చదవడం రాదు.
గీతని గీతలాగే చూశాడు.
కందిరీగ చప్పుడుతో చిన్న యంత్రం,
చుక్క పక్కన చుక్క, చ,
దాని కాళ్ళ దగ్గర ఒద్దిగ్గా ఇంకో చ.
అక్షరానికి ఐదు రూపాయలు.
ఒత్తులు కూడా లెక్కేసుకో అన్నాను.
"అది కాలు కదా, కాలికి వేరే డబ్బులేంటి?"

తగ్గు అర మిల్లీమీటరు కిందికి జారింది.
రెండో సాఫ్ట్‌వేరైతే ఒప్పుకునేది కాదు.

రాత్రి దీపం వెయ్యను.
పలక మీద వేలు పెడితే చుక్కలు గరుగ్గా తగులుతాయి,
ముందు అక్షరం, తర్వాత దాని కాలు.
పన్నెండయింది. గోడకవతల పసిబిడ్డ
ఇప్పుడే ఏడుపాపింది.
పెళ్ళికూతురి వైపు తిప్పుతాను.