క్యాసెట్టు తిప్పిన చోట

డబ్బా మీద పెన్సిల్ రాత:
ఫిబ్రవరి పదకొండు. ఐస్ రింక్. రెండో సగం.
మైకులు బాల్కనీ రెయిలింగుకి కట్టాను. చలి.
ఇంతే రాశాడు ఆర్మాండ్ పకెట్.
మనిషి మాట్లాడేదీ అంతే.

వెర్మాంట్ ఉత్తరాన, సరస్సు గడ్డకట్టిన నెలలో
హాకీ ఆడే మంచు మీద చెక్కలు పరిచి
రెండు వేల మందిని నిలబెట్టారు ఆ రాత్రి.
వింటుంటే తెలిసిపోతుంది.
అడుగున మంచు ఉన్న చోట డ్రమ్ము మోత వేరు,
దెబ్బ పడ్డాక కాసేపు కప్పు కింద తచ్చాడి
నిదానంగా అరికాళ్ళ దగ్గరికి దిగుతుంది.

పాట మామూలుదే, మూడు చరణాలు, ఒక పడవ గురించి.
కోల్డ్ కెటిల్ వాళ్ళు వందసార్లు వాయించి ఉంటారు.
గొంతు బాగాలేదు, రెండో చరణం సగం మింగేశాడు.
దానికి నేను మార్కులు వేయను.
నాలుగో నిమిషంలో మాటలు అయిపోతాయి.
నా పని అక్కణ్ణించి.

మొదట ఎవరూ ఎక్కడికీ కదలరు.
ఇరుకు వంటింట్లో నలుగురు
ఒకే గరిటె కోసం వెతుకుతున్నట్టుంటుంది.
థియా లిండ్‌క్విస్ట్ బేసు మాత్రం
రెండే స్వరాలు, మళ్ళీ ఆ రెండే,
కాలితో తొట్టి ఊపుతూ
చేత్తో బఠానీలు ఒలుచుకునే మనిషిలా.

తొమ్మిదో నిమిషంలో ఓరిన్ గిటారు తీగ తెగింది.
ఫట్‌మంటుంది. మైకు పక్కన ఎవడో అయ్యో అన్నాడు.
ఇన్నేళ్ళూ దీన్ని తప్పుల పద్దులో రాశాను.
ఇవాళ డెయిరీలో షిఫ్టు దిగొచ్చి, బూట్లు విప్పకుండానే
హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్ళీ విన్నాను:
పైకి పోయే దారి తెగి, అతను కిందికి దిగాడు.
కింద థియా ఉంది.
సన్నటి మెట్ల మీద ఎదురుపడ్డ ఇద్దరు,
మీరు ముందు అంటే కాదు మీరే అంటూ
నాలుగు నిమిషాలు.
ఒక్కణ్ణే కూర్చుని నవ్వాను.

పదిహేడు దాటాక అంతా పలచబడుతుంది.
హోలిస్ కీబోర్డు, రాత్రి మూడింటికి
ఎక్కడో నాలుగు వీధుల అవతల మంచు తోసే బండి.
దరువు ఎవరూ వేయడం లేదు,
అందరూ లోపల లెక్కపెడుతున్నారు.
రెండు వేల గొంతుల్లో దగ్గు ఆగిపోయింది.
ఇరవై రెండో నిమిషం, నలభయ్యో సెకను,
ఓరిన్ ఒక స్వరాన్ని ఎత్తి, దించకుండా పట్టుకుని

టక్.

టక్.

రెండో వైపు.
అందరూ మరో ఊళ్ళో ఉన్నారు!
శ్రుతి అది కాదు, తాళం అది కాదు,
జనం కేకలకి మైకు చీలిపోతోంది,
ఒకావిడ నవ్వుతోందో ఏడుస్తోందో.
ఏ వంతెన దాటారు? ముందు అడుగు ఎవరిది?
వేళ్ళు కొంకర్లు పోయే చలిలో
ఆర్మాండ్ క్యాసెట్టు తిప్పుతున్నాడు అప్పుడు.

ఫోన్ చేశాను. పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాడిప్పుడు.
నువ్వు అక్కడే ఉన్నావుగా, ఏమైందని అడిగాను.
వెనకాల ఏదో మర తిరిగి ఆగింది.
"గ్లవ్ పళ్ళతో లాగాను. టార్చి నోట్లో పెట్టుకున్నా.
మూత బిగుసుకుపోయింది.
ఓ పది సెకన్లు ప్లాస్టిక్కునే విన్నాను నేను."

థియాని ఎవరో అడిగారట ఒకసారి.
కాలి బొటనవేలు తిమ్మిరెక్కడం తప్ప
ఆవిడకి ఆ రాత్రి ఏమీ గుర్తులేదు.

సరే, సమీక్ష.
నిడివి ముప్పై ఒక్క నిమిషాలు. ఎడమ వైపు కాస్త గరగర.
చరణాలు వదిలేసినా నష్టం లేదు.
ఆ రెండు టక్కుల మధ్య మాత్రం శబ్దం పెంచండి,
ఖాళీ టేపు ఒట్టి ఖాళీ కాదు,
సన్నగా ఉప్పు రాలుతున్నట్టు ఉంటుంది.
ఆ కాస్తా తెలియకపోవడమే ఈ టేపుకి అందం,
అది అలాగే ఉండనివ్వాలి అని రాశాను.

కొట్టేశాను.
న్యూహాంప్‌షైర్‌లో ఎవరి అటక మీదో
అదే రాత్రి, ఎదుటి బాల్కనీ నుంచి తీసిన
ఇంకో క్యాసెట్టు ఉందంటున్నారు.
మూడు గంటల దారి. రోడ్డు మీద మంచు.
ట్యాంకు నింపుకొచ్చాను.