తొక్కుల అంజీరు

దేశాయిపేటల మా డాబా మీద
పగిలిన నీళ్ల డ్రమ్ముల నాటిన కొమ్మ అది.
షాహెదా ఆపా తడిగుడ్డల చుట్టి ఇచ్చింది,
"మూడేండ్లు తిట్టకు, ఆ తర్వాత
అడగకుండనే పెడ్తది" అని.
నాలుగేండ్లు పట్టింది.
తిట్టిన్నో లేదో యాదిలేదు.

రాత్రి చెడగొట్టు వాన దంచింది.
ఓదెమ్మత్త మంచం మీదికెల్లే
"ఎవలి మిర్చి తడిసెనో" అన్నది, తెల్లారేదాక.
నేను పొద్దున డాబా ఎక్కి చూస్తే
నవ్వు ఆపుకోలేని పోరగాని పెదవుల లెక్క
పండ్లన్ని కిందికెల్లి పగిలి ఉన్నై.
పిగిలిపిట్టలు రెండిటిని అప్పటికే తిని పోయినై.
మిగిలినయి లెక్కవెట్టి తెంపిన: ఇరవయ్యొక్కటి.
తొడిమెల కాడ కారిన పాలు,
వేళ్ల సందుల దురద.
డ్యూటీ పదింటికి.
ఇవి సాయంత్రం దాక ఆగేటివి కావు.

అత్త కత్తిపీట ముందటేసుకొని కూసున్నది.
ఎనుమాముల మార్కెట్ల ఇరవయ్యారేండ్లు
మిర్చి రాశుల కాడ తాలు ఏరిన మనిషి.
"మేడి జాతే గదనె ఇది?
విప్పకుండ నోట్లె పెట్టుకుంటనా నేను?"
ఒక్కొక్కటి రెండు చెక్కలు కోసి
కిటికి వెలుగుకు పట్టి చూస్తది.
పురుగు లేదు.
ఇంకోటి. లేదు.
ఏడో పండు కాడ ఆమెకు కోపమే వచ్చింది,
దొరకని దొంగ మీద వచ్చినట్టు.

"ఆ ఎర్రటియన్ని పువ్వులత్తా.
ఇది లోపట్నే పూస్తది" అన్న.
కత్తిపీట ఆగింది.
"బయటికి ఒక్క పువ్వన్న సూపియ్యదా?"
"సూపియ్యదు."
"దీని సిగ్గు పాడుగాను!"
చెక్కను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నది.
మిర్చి ఘాటుకు సగం సచ్చిన ముక్కు,
వాసన చూడాలంటే కండ్లు మూసుకుంటది.
శానాసేపు మూసుకున్నది.

నేను తీపి దిక్కు పోయిన,
నాకెరుకున్న తొవ్వ అదొక్కటే.
పాలు సగమయ్యేదాక మరగాలె,
పొయ్యి ఆర్పి, సల్లారినంక పండ్లెయ్యాలె.
వేడి మీద వేస్తే విరుగుతయని
ఆపా నెత్తి మీద కొట్టినట్టు చెప్పింది.
తొందరల వేసిన. విరిగినై.
పారబొయ్య మనసు రాక
బెల్లం తరిగి అందులనే వేసి
కోవ తీరు దగ్గరికి కలుపుతుంటే,
ఇలాచి వాసన లేసి, రంగు గోధుమకు తిరిగి,
తప్పు కూడ ఒక వంటనే అనిపించింది.

అత్తకు తీపి బందు. మూడువందల షుగరు.
లేచి పోయి ఉట్టి మీది గంపల నుంచి
చపాట మిర్చి నాలుగు తెచ్చింది,
టమాటల లెక్క బొద్దుగ, నిగనిగ.
"పేరుకు మిర్చి, కారం లేదు.
పేరుకు మేడి, పురుగు లేదు.
ఇద్దరు అబద్ధాలోల్లే.
ఒక్క రోట్లెయ్యాలె."

నువ్వులు చిటపటమన్నయి పెంక మీద.
ఎల్లిగడ్డ, జీలకర, నానిన చింతపండు, రాళ్లుప్పు.
ముందు మిర్చిని కుమ్మింది కోపంగ,
తర్వాత అంజీరును మెల్లగ,
నలిగీ నలగకుండ,
చంటిపిల్లకు నలుగు పెట్టినట్టు.
రోలంత ఎరుపు. ఏది మిర్చి గింజో
ఏది పండు గింజో ఆ కండ్లకే ఎరుక.
జొన్నరొట్టె తునుక అద్ది నా నోట్లె పెట్టింది.
ముందు పులుపు. ఆ ఎనుక ఉప్పు.
మింగినంక, ఎవలో వెనుకకెల్లి పిలిచినట్టు, తీపి.
"ఇందుల తీపి ఉన్నది గదత్తా, నీకు..."
"తొక్కుల తీపి లెక్కకు రాదు."

ఆపాకు డబ్బ కట్టిన, రెండిట్ల సగం సగం.
బస్సుకు ఉరకబోతూ
కత్తిపీట కింద రాలిన తొడిమెలు ఊడ్చిన:
కోసిన పండ్లకు ఇరవై.
"ఇంకోటి ఏదత్తా?"
"పిట్ట ఎత్తుకపోయుంటది."
కిటికీలకు జాలి ఉన్నది.
ఆమె గోడ దిక్కు తిరిగి
పై పెదవి గోక్కుంటున్నది.