పంటి సందు

నా దగ్గరికి మనుషులు రారు, దవడలొస్తాయి.
సుద్దలో అచ్చుపోసినవి, అడుగున పెన్సిలుతో పేరూ తేదీ.
వెనక గదిలో కిటికీ పక్కన నా బల్ల:
దీపం మీద మైనం, వెంట్రుకంత కుంచెలు,
పదహారు రకాల తెలుపున్న పెట్టె.
ఈ పనిలోకి రాకముందు
తెలుపంటే ఒకటే అనుకునేవాణ్ణి.

మా ఊరు అల్గోదోనెస్. పేరుకి అర్థం పత్తి.
తాత కాలంలో చేల నిండా ఉండేదట.
ఇప్పుడు దూది కనిపించేది
పన్ను పీకించుకుని బయటపడే వాళ్ళ బుగ్గల్లోనే.

అవతల ఇసుకలో కార్లు నిలిపి నడిచొస్తారు.
ఇడహో, నెబ్రాస్కా, ఎక్కడో మానిటోబా.
గేటు దాటగానే ఎలెయుతేరియో గొడుగు పట్టుకుని ఎదురెళ్తాడు,
"పళ్ళా? కళ్ళద్దాలా? మాత్రలా?"
కూరగాయల బండివాడి గొంతుతో.

పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం.
కట్టించుకోడానికి మాత్రం
రెండు పగళ్ళు కారు నడిపి
ఒక దేశం దాటాలి.

ఎందుకొస్తారని వాళ్ళనడక్కండి, సిగ్గుపడతారు.
నన్నడగండి, దవడ చూసి చెప్తాను.
ఈయన పదకొండేళ్ళు ఎడమవైపే నమిలాడు.
ఈవిడ నిద్రలో పళ్ళు కొరికింది, బిల్లులు కల్లోకొచ్చాయో ఏమో.
ఈ కుర్రాడు నొప్పినంతా పంటి బిగువున ఆపాడు,
ఆఖరికి ఆ పన్నే విరిగింది.
వాళ్ళ బీమా కాగితాల్లో గుండె ఉందట, మోకాలు ఉందట,
నోరొక్కటే ఒంట్లోది కాదట.

ఆర్లిస్ టోర్వాల్డ్ దవడ మంగళవారం వచ్చింది.
పైవరసలో ముందు పళ్ళు నాలుగు.
కింద ఆవిడ చేతిరాత: "నడుమ సందు ఉంచండి."
డాక్టరమ్మ ఆ మాట కొట్టేసింది.
సందు కోసం ఎవరైనా డబ్బిస్తారా?
నేనూ గోడ కట్టినట్టు నున్నగా చేసిచ్చాను.

మర్నాడు ఆవిడే తలుపు తోసుకుని వచ్చింది.
నా ముందు నిలబడి పెదవులు సున్నా చుట్టింది.
గాలి వచ్చింది. అంతే.

ఆవిడ ఇంగ్లీషు నాకు సగమే అందింది,
తక్కిన సగం చేతులు చెప్పాయి:
పెద్ద స్టీరింగు, ఇంతింత పిల్లలు, రోడ్డంతా మంచు.
ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు తోలిందట.
వెనక సీట్లలో జుట్లు పట్టుకుంటే
చేతులు తియ్యకుండా, తల తిప్పకుండా
ఒకే ఒక్క ఈల.

మైనంతో మళ్ళీ మొదలెట్టాం.
మొదటి సందుకి ఉమ్మి తుంపర్లు.
రెండోదానికి పాము బుస.
ఆవిడ నవ్వింది, చేయి అడ్డం పెట్టుకుని,
ఆ అలవాటు పోవడానికి ఇంకా టైం పడుతుంది.
మూడోదీ కాదు.
నాలుగోసారి వీధిలో కుక్క లేచి నిలబడింది.
ఎలెయుతేరియో గొడుగు జారవిడిచాడు.
ముందు గదిలో దూది కుక్కుకున్న ముగ్గురు
నోరు తెరవలేక భుజాలతో నవ్వారు.

కొలిచి రాసుకున్నాను: మిల్లీమీటరులో ఎనిమిదో పాళ్ళు, పదింట.
దానికి ధర వెయ్యలేదు.
మా పట్టికలో ఖాళీకి గడి లేదు.

శుక్రవారం ఎండలో, కంచె పొడుగునా,
వెనక్కి వెళ్ళేవాళ్ళ వరసలో ఆవిడ గులాబిరంగు టోపీ కనబడింది.
ఏం కొన్నారని అధికారి అడిగితే ఏం చూపించిందో!
నాలుగు దాటాక, డ్రిల్లు ఆగిన కాస్త సన్నులో
గేటు అవతల ఈల విన్నాననుకుంటాను.
ఒట్టు మాత్రం వెయ్యను.

నా బల్లకీ ఆ గేటుకీ నాలుగొందల అడుగులు.
వీసాకి రెండుసార్లు పెట్టాను.
మూడోసారి పెట్టలేదు.
నా పళ్ళు మాత్రం పంతొమ్మిదేళ్ళుగా దాటుతూనే ఉన్నాయి.
ఒమాహాలో మొక్కజొన్న కంకి కొరుకుతున్నాయి.
ఎవరితోనో గొడవపడి బిగుసుకుంటున్నాయి,
అబద్ధాలకి తళుక్కుమంటున్నాయి.
పొద్దున్నే బస్సు స్టాపుల్లో
నేనెన్నడూ చూడని మంచులో
టకటకా కొట్టుకుంటున్నాయి.