లైన్లో రాయి

కొరుక్కుపేట గేటు పడితే
మా బడికి మొదటి పీరియడు ఉండదు.
గూడ్సు బండి ఒకటి పోయి, ఇంకోటి పోయి,
సైకిళ్ళు, ఆటోలు, చేపల బుట్టలు, నా ఎనిమిదో తరగతి
అన్నీ కడ్డీకి అవతలే.
అందుకే వాళ్ళకి లూపు చెప్పడం కష్టం కాలేదు.
గేటు పడి ఉన్నంతసేపు ఆగు.
లేచిందా, పరుగెత్తు.
పుస్తకంలో రెండు పేజీల పాఠం
వాళ్ళ చెమట ఆరేలోపు అయిపోయింది.

చిక్కంతా చలరాశి దగ్గర వచ్చింది.

డబ్బా అన్నాను. డబ్బా మీద పేరు అన్నాను.
చాక్‌పీసుల డబ్బా బల్ల మీద పెట్టి
"ఇందులో ఐదు ఉంది" అన్నాను.
ఇస్రాయేలు తొంగి చూసి
"ఏడున్నాయి సార్, రెండు ముక్కలు" అన్నాడు.
ఎక్స్ అన్నాను. ఎక్స్ అంటే వాళ్ళకి
లెక్కల టీచరు ఎర్ర ఇంకుతో కొట్టే ఇంటూ.
తెలుగు పుస్తకం, తమిళ వీధి, ఇంగ్లీషు కీబోర్డు.
మూడింటి మధ్యా నిలబడి
నా బీఎస్సీ నోరు తెరిచి, మూసింది.

ఆరు కంప్యూటర్లు. ఆన్ అయ్యేవి నాలుగు.
నాలుగోదానికి లోపలి బ్యాటరీ చచ్చిపోయి
రోజూ జనవరి ఒకటి, రెండువేల రెండులో నిద్ర లేస్తుంది.
ఆ తేదీకి ఈ గదిలో
నేనొక్కణ్ణే పుట్టి ఉన్నాను.

దాని ముందు కూర్చునేది పెంచల.
తల ఎత్తకుండానే అడిగింది:
"అంటే లారీ లైన్లో రాయి లాగానా సార్?"

ఏ రాయి, అన్నాను.

"పొద్దున నాలుగింటికి అమ్మ లైన్లో రాయి పెట్టి
ఊడ్చే పనికి పోతాది సార్, సెంట్రల్ అవతలికి.
అప్పుడు రాయే అమ్మ.
ఏడింటికి నేను బిందె తెస్తా, రాయి తీసేస్తా.
అప్పుడు ఆ చోట్లో బిందె.
బిందె కారితే బకెట్టు.
చోటు అదే సార్. అందులో ఏముందో అది మారతాది."

నేను చాక్‌పీసుల డబ్బాకి మూత పెట్టాను.
మా అపార్టుమెంటులో ట్యాంకు నిండగానే మోటారు అదే ఆగుతుంది.
రాయి పెట్టే పని నాకెప్పుడూ పడలేదు.

వెనక బెంచీ నుంచి ఇస్రాయేలు:
"ఆ రాయిని ఎవరన్నా తన్నేస్తే?"
"గొడవే" అంది పెంచల,
అది కూడా తెలీదా అన్నట్టు.
ఆ రోజు నుంచి మా గదిలో
తెర మీద ఎర్రక్షరాలు పడితే ఎర్రర్ అనరు.
"గొడవొచ్చింది సార్" అని పిలుస్తారు.
నేను పోయి
ఎవరి రాయి ఎవరు తన్నారో వెతుకుతాను.
చాలాసార్లు ఒక చుక్క. మూయని ఒక బ్రాకెట్టు.
ఒక్కోసారి నేనే.

రెండు నెలలకి ఆమె ఆ లైనంతా రాసింది.
ఇరవైమూడు వరసలు, ఒక్క వేలితో.
ఆర్, రెండు ఏలు, వై, ఐ: రాయి.
ముందొచ్చిన బిందె ముందు పోవాలి, అది నేను చెప్పిన నియమం.
నడిపి చూస్తే, ఆఖర్న చేరిన పేరు
అందరికంటే ముందు నీళ్ళు పట్టుకుపోయింది.
తప్పమ్మా, అన్నాను.
"నెలలు నిండినామె సార్. నిలబెడతామా?"
కాలేజీలో మూడో ఏడు దీనికో పెద్ద పేరుండేది.
పరీక్షలో రాశాను, తొమ్మిది మార్కులు వచ్చాయి.
ముందు ఎవరిని పంపాలో మాత్రం
ఎక్కడా రాసిన గుర్తు లేదు.

నిన్న తనిఖీకి ఆఫీసరు వచ్చారు.
ఫైలు మీద మౌసు పెట్టి, కళ్ళద్దాలు ఎత్తి,
"రెండువేల రెండు జనవరి. ఎక్కణ్ణుంచో తెచ్చిన పాత ఫైలు కదయ్యా ఇది.
ఈ పిల్లకి వయసెంత?"
పదమూడు, అన్నాను. బ్యాటరీ, అన్నాను.
బ్యాటరీ కోసం మూడు అర్జీలు పెట్టాను, అన్నాను.
ఆయన అప్పటికే రిజిస్టరులో ఏదో రాస్తున్నారు.

పెంచల లేచి నిలబడింది.
ఒక చెయ్యి ఇంకా కీబోర్డు మీదే ఉంది.
"నాదే సార్.
నేను రాకముందే రాయి పెట్టినా."

ఆయనకి అర్థం కాలేదు.
బయట గేటు పడే గంట మోగుతోంది.
ఆయన కారు ఇవతలే ఉంది.
కూర్చోండి సార్, అన్నాను.
ఇంకోసారి నడిపి చూపిస్తుంది.