మాడిన రుచి

డబ్బా మీద రాసి ఉంది: రెండు చెంచాలు.
ఏ చెంచానో రాయలేదు.
ముప్ఫై ఏళ్ళు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపినవాణ్ణి,
పార కొలత చెప్పు, చెబుతాను.
చెంచాలు నా లెక్కలోవి కావు.

హాంకాక్‌లో ఫిబ్రవరి అంటే
వంటింటి కిటికీకి సగం దాకా తెల్లగోడ.
మిగిలిన సగంలోంచి కాలువ మీది వంతెన,
దాని నెత్తిన రెండు దీపాలు.
బల్ల దగ్గర మా అన్న అర్వో.
అతని చొక్కాలో ఇప్పుడు ఇంకో మనిషికి చోటుంది.

గొంతులో గడ్డ కోసం
ముప్ఫై అయిదు సార్లు మెషీన్ కింద పడుకున్నాడు.
గడ్డ పోయింది.
పోతూ పోతూ నాలుకని వెంట తీసుకుపోయింది.
కాఫీ ఇస్తే వేణ్ణీళ్ళంటాడు,
చేప సూపు పెడితే తడిసిన అట్టముక్కంటాడు.
"నోటికి ఎవరో లోపలినుంచి సున్నం కొట్టారురా."
అంతకుమించి ఫిర్యాదు చేయడు. మా ఇంట్లో
ఫిర్యాదులు అమ్మతోనే అయిపోయాయి.

నర్సు మార్లిస్ వేలు చూపించి మరీ చెప్పింది:
రోజుకి తొంభై గ్రాముల ప్రొటీన్.
బతిమాలతావో, బెదిరిస్తావో.

మొదటిరోజు పొడిని నీళ్ళలో కలిపి ఇచ్చాను.
గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు.
"ఇది గోడలకి వేసేదా, మనుషులకి పోసేదా?"

అప్పుడు పట్టుకుంది నాకు పంతం.

వదిన లెంపి బ్లెండర్ అటక మీద ఉంది.
మూత లేదు. మూత ఎక్కడుందో లెంపికే తెలుసు,
లెంపి పోయి ఆరేళ్ళు.
పాలు పోశాను, గడ్డకట్టిన అరటిపండు విరిచి వేశాను,
ఆ పొడి, కోకో,
తీపి తెలియని నోటికి ఎందుకో తెలియకుండానే చిటికెడు ఉప్పు.
సాసరు బోర్లించి అరచేత్తో నొక్కి మీట వేశాను.
సాసరు తన దారి తాను చూసుకుంది.
కప్పు మీద గోధుమరంగు వాన.
అర్వో గడ్డం కింద ఒక చుక్క.
తుడుచుకోలేదు, నవ్వలేదు,
"సగం మిగిలిందా?" అన్నాడు.

మిగిలిన సగం మీద మార్ష్‌మాలో వేద్దామనుకున్నాను.
చిన్నప్పుడు సరస్సు ఒడ్డున నెగడు దగ్గర
పుల్లకి గుచ్చి కాల్చుకునేవాళ్ళం.
అర్వోది ఓపిక. నిప్పుకి జానెడు దూరంలో
తిప్పి తిప్పి తిప్పి, బంగారు రంగు.
నేను మంటలోకే తోసేవాణ్ణి.
నా బొగ్గుముక్కని చూసి, "పారెయ్, కుక్క కూడా ముట్టదు" అనేవాడు.
పంతానికి నేను మింగేవాణ్ణి, నాలుక కాలినా.

ఈ రాత్రి అతనిలా చేద్దామనుకున్నాను.
ఫోర్కుకి గుచ్చి గ్యాస్ పొయ్యి మీద, జానెడు దూరంలో,
తిప్పి, తిప్పి...
ఇంతలో వీధిలోంచి మంచు బండి వెళ్ళింది.
బ్లేడు ఎత్తు సరిగ్గా లేదు, శబ్దం చెబుతోంది.
ఎవడో కొత్త కుర్రాడు.
తల తిప్పాను. అంతే.
ఫోర్కు కొసన దివిటీ.

ఊదాను. నల్లటి టోపీ పెట్టుకున్న తెల్లటి ముద్ద.
సంచీలో ఇంకా ఉన్నాయి గాని విసుగొచ్చి
దాన్నే గ్లాసులో పడేశాను.

అర్వో చెంచాతో కలిపాడు, స్ట్రా పెట్టాడు, పీల్చాడు.
ఆగాడు.
మళ్ళీ పీల్చాడు.
"మాడ్చావు."
"ఇంకోటి చేస్తాను, ఇటివ్వు."
గ్లాసు ఇవ్వలేదు. రెండు చేతుల్తో పట్టుకున్నాడు,
ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.
"మాడిందిరా," అన్నాడు మళ్ళీ, మెల్లగా.
"నాకు తెలుస్తోంది."

పొగ అలారం అప్పుడు అందుకుంది.
ఇల్లంతా కూత.
కుర్చీ వేసుకుని ఎక్కి ఆపాల్సింది నేనే.
లేవలేదు.
స్ట్రా అడుగున గుర్రు గుర్రుమనే చప్పుడు
ఆ కూతలోంచి కూడా వినబడింది.

రేపు బయట కొట్టంలో బ్లోటార్చి వెతకాలి.
సంచీలో ఇంకా ముప్ఫై నాలుగు ఉన్నాయి.
లెక్కపెట్టాను.