శేషం

నారిన్ ఊళ్లో జనవరి అంటే
ఉమ్మి నేల తాకేలోగా గడ్డకట్టే నెల.
బడి బాయిలర్‌కి రాత్రంతా బొగ్గు వేసేది నేను, ఎసెన్‌కుల్‌ని.
నాకొచ్చిన లెక్క పారల లెక్కొక్కటే:
గంటకి పది. దాటితే పొద్దున్నే డైరెక్టరు తిడతాడు.

మూడో గదిలో ఒక పాత కంప్యూటరు నిద్రపోదు.
బురుల్ ఎజె పెట్టింది. ఆవిడ రిటైరై ఆరేళ్లు,
తాళంచెవి మాత్రం తిరిగివ్వలేదు.
దాని వెనక వేడిగాలి తగిలేచోట పిల్లి,
పిల్లి పక్కన ఆవిడ చేతులు.

"ఏం వెతుకుతోంది ఇది?" అన్నాను ఓ రాత్రి.
జేబులోంచి కురుత్ ఉండలు తీసి బల్లమీద పోసింది.
ముప్ఫై ఒకటి. "పంచు" అంది.
ఇద్దరికి పంచితే ఒకటి మిగిలింది.
ముగ్గురికీ అంతే. నలుగురికి మూడు.
ఐదుగురి దగ్గర మళ్లీ ఆ ఒక్కటే వచ్చి కూర్చుంది.
ఇంతలో పిల్లి ఒక ఉండ నోట కరుచుకుపోయింది,
చటుక్కున ఇద్దరికీ, ముగ్గురికీ, ఐదుగురికీ సరిపోయాయి!

ఎజె నవ్వి, సుద్దతో ఐదు నిలువు గీతలు గీసింది.
యంత్రం భాషలో ముప్ఫై ఒకటి అదేనట,
ఐదు ఒకట్లు, నడుమ సున్నా అన్నదే లేదు.
వెతుకుతున్నదానికి ఆరు కోట్ల పైచిలుకు ఒకట్లు,
ఒక్క కర్రా ఊడని కంచె.
మన అంకెల్లో రాసి సెకనుకొకటి చదివితే
ఏడు నెలలు, తిండీ నిద్రా మానుకుని.

పరీక్ష చిన్నదే.
నాలుగుతో మొదలు. దాన్ని దానితోనే గుణించు, రెండు తియ్యి,
మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకో. మళ్లీ.
ముప్ఫై ఒకటికి నాచేతే చేయించింది:
నాలుగు, పద్నాలుగు, ఎనిమిది, సున్నా.
చప్పట్లు కొట్టింది ఆవిడ.
ఎక్కడికెళ్లినా సున్నా చుట్టించుకున్న మనిషిని,
దానికి చప్పట్లుంటాయని నాకేం తెలుసు?

ఫిబ్రవరిలో కరెంటు మూడుసార్లు పోయింది.
వచ్చినప్పుడల్లా కాస్త వెనక్కి వెళ్లి అందుకునేది,
మంచులో దారి తప్పి
పాత గుర్తు దగ్గరికి తిరిగొచ్చిన గుర్రంలా.

నౌరూజ్‌కి ముందురోజు తెల్లవారుజామున
చివరి శేషం తెరమీదికొచ్చింది.
సున్నా కాదు.
ఎజె నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంది.
"విరుగుతుంది ఇది. లోపల ముక్కలున్నాయి."
"ఏ ముక్కలు?"
"అది చెప్పదు. విరుగుతుందని మాత్రం చెబుతుంది.
ఎక్కడన్నది ఇంతవరకూ ఎవరికీ తెలీదు.
ఇకమీదటా తెలియకపోవచ్చు."

కిటికీ అవతల నదిమీద మంచు మూలుగుతోంది.
ఆ చప్పుడు నాకు తెలుసు. ఈ వారమో, పై వారమో.
ఎక్కడ పగులుతుందంటే మాత్రం నేనూ చెప్పలేను.
ఆ మాట అనబోయాను,
ఆవిడ అప్పటికే ఇంకో సంఖ్య కొట్టేసింది.
ఫ్యాను రొద మొదలైంది. మళ్లీ నాలుగు నుంచి.
పిల్లి తన చోటికి వెళ్లింది.

కిందికి దిగి
పదకొండో పార వేసి వచ్చాను.