అరవై దాటని అంకె

మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది.
ఇన్వర్టరు ఇంకా మూలుగుతూనే ఉంది.
పోలమాంబ జిరాక్స్ గుమ్మం ముందు
చెప్పులు విడిచి నిలబడ్డాడు చోడిపల్లి ఎల్లాజీ.
జిరాక్సు షాపుకి ఎవరూ చెప్పులు విడవరు.

జేబులోంచి సిగరెట్టు వెండికాగితం మడత,
మడతలో గోరంత మెమొరీ కార్డు.
"బోటు అమ్మీసినాం. ఆ జీపీయెస్సు సచ్చిపోనాది.
రేపట్నించి ఇంకోల బోటుకి సరంగుని.
దీన్లో నా సముద్రం ఉండాది, తీసిపెట్టమ్మా."

కార్డులో ఒకే ఒక్క ఫైలు.
పేరు చివర చుక్క, చుక్క తర్వాత
పద్నాలుగేళ్ళ నా షాపు ఎన్నడూ చూడని మూడక్షరాలు.
రెండుసార్లు నొక్కాను.
దీన్ని దేనితో తెరవమంటావని
నన్నే తిరిగి అడిగింది కంప్యూటరు.
తెలిస్తే నిన్నెందుకు నొక్కుతాను?

నోట్‌ప్యాడ్‌లో కుమ్మరించాను.
డబ్బాలు, ప్రశ్నార్థకాలు, తోకలున్న అక్షరాలు,
వల దులిపితే రాలే నాచూ నత్తగుల్లలూ.
ఆయన ముందుకు వంగి చూసి
"ఇది నాది కాదు" అన్నాడు.

చివరి మూడక్షరాలు చెరిపి వేరేవి తగిలించాను.
ఫొటో అన్నాను, ఒప్పుకోలేదు.
పాట అన్నాను, ఒప్పుకోలేదు.
లెక్కల పట్టీ అంటే, ఫైలు పాడైందేమో అంది.
పూర్ణా మార్కెట్లో పేరు మార్చి అరిస్తే
కవళ్ళు వంజరం అయిపోతాయా?

ఆధార్ కార్డు ప్రింటుకొచ్చిన పిల్ల
విసుక్కుని వెళ్ళిపోయింది.

పేరుని వదిలేసి మొదటి వరస చదివాను.
చెత్త మధ్యలో ఇరుక్కుని
ఆ మిషను చేసిన కంపెనీ పేరు, సగం.
యాసని బట్టి ఊరు పోల్చినట్టు
అక్కణ్ణించి వెతగ్గా వెతగ్గా
ఆ భాష వచ్చిన చిన్న ప్రోగ్రాము దొరికింది.

రెండువందల పదకొండు చుక్కలు
పటం మీద రాలాయి.
ఒక్కోదానికి ఒక పేరు,
ఆరు ఇంగ్లీషు అక్షరాల్లో పట్టినంత:
తాతరా, వలపో, దెయ్యం, మామరా.
ఒకదానికి ఉత్త సున్నాలు.

గెలిచాననుకున్నాను. ఎల్లాజీ నవ్వలేదు.
ఒక చుక్క మీద వేలు పెట్టాడు, తెర మీద తడి.
"ఇది మా జెట్టీ కదేటి.
జెట్టీ నడిసముద్రంలోకి ఎప్పుడెల్లిపోనాది?"

నిజమే. డాల్ఫిన్స్ నోస్ దాటి, గంగవరం దాటి,
దక్షిణాన ఒడ్డు లేని నీళ్ళలో
తేలుతోంది మా ఫిషింగ్ హార్బరు.
తెరుచుకోని ఫైలుతో ఎలాగో వేగొచ్చు,
తెరుచుకుని అబద్ధమాడితే ఏం చెయ్యను?

అంకెలు చదవమన్నాడు.
పదిహేడు, చుక్క, నలభై ఒకటి.
ఎనభై మూడు, చుక్క, పద్దెనిమిది.
గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని
ముప్పై దాకా విన్నాడు.
"సుక్క ఎనకాల అరవై దాటిందేటి, ఎక్కడైనా?"
వెతికాను. యాభై తొమ్మిదులున్నాయి.
అరవై ఒక్కటీ లేదు.
"దాటదమ్మా. గడియారం లెక్క అది.
అరవై నిండితే ముందంకె మీదకి ఎక్కీస్తాది.
మీ పెట్టె వందతో కొలుస్తంది."

అరవైతో భాగించాను.
చుక్కలన్నీ ఒక్కసారి లంగరెత్తాయి.
జెట్టీ వచ్చి జెట్టీకి కట్టుకుంది.

రెండు పేజీలు ప్రింటు తీసిచ్చాను.
మడిచి అదే వెండికాగితంలో పెట్టుకుని
వెళ్ళకుండా నిలబడ్డాడు.
"నీ పెట్టెలో ఉండిపోనాదా?"
ఉందన్నాను.
"తీసీ. మా బామ్మర్దికి కూడా సెప్పలేదు ఇవి."
తీసేశాను.
"ఆ బుట్టలో?"
బుట్ట కూడా బోర్లించాను, ఆయన చూస్తుండగానే.
ఇరవై రూపాయలకి యాభై పెట్టి
చిల్లర తీసుకోకుండా చెప్పులేసుకున్నాడు.

నాలుగో రోజు షట్టరు ఎత్తబోతే
గొళ్ళానికి వేలాడుతూ ఒక కవరు,
కవర్లో అరచేయంత చందువ, ఇంకా మంచు కరగలేదు.
ఏ రాయి దగ్గర పడిందో అడిగితే చెప్పడు.
నాకు గుర్తున్నది భాగహారం ఒక్కటే.